పంతొమ్మిది గంటల కోడి

ఒక టక్కు విన్నానా, రెండు విన్నానా? నిన్న సాయంత్రం నాలుగింటికి ఈ స్లో కుక్కర్ మీట తిప్పింది నా చెయ్యే, విన్నది నా చెవులే. అయినా ఇవాళ శనివారం పొద్దున పదింపావుకి ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నెపం వేసుకుని కూర్చున్నాయి. ఒక టక్కయితే కుండ వండదు, లోపల ఉన్నదాన్ని వెచ్చగా ఉంచుతుందంతే. రెండు టక్కులయితే నెమ్మదిగా వండుతుంది. మూడయితే జోరు, అది నేను తిప్పలేదు, అంతవరకు గట్టిగా చెప్పగలను. మీట వైపు చూస్తే తెలిసిపోదా అని ఎవరైనా అడుగుతారు. మీట కనపడితే కదా. మా యూదులకి విశ్రాంతి దినమైన షబ్బాత్ నాడు మంట పెంచకూడదు, తగ్గించకూడదు కాబట్టి, ఎవరి చెయ్యి పొరపాటున తగిలినా తిరగకుండా దానికి రెండు వరసల ఫాయిల్ చుట్టి, పైన టేపు కూడా అంటించింది నేనే. టేపు చింపడమూ ఇవాళ కూడదు. ఇంత భక్తి నాలో ఉందని నిన్నటిదాకా నాకే తెలియదు.

కుండ పక్కన అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఉంటుంది, ఒక టక్కుకీ ఉంటుంది, రెంటికీ ఉంటుంది. మూత తీసి చూద్దామంటే, తీయడం వరకు తప్పులేదు, మళ్ళీ పెట్టడంతోనే చిక్కు: లోపలిది పూర్తిగా ఉడికి ఉండకపోతే మూత పెట్టడం వంట చేసినట్టే లెక్క. అంటే తీస్తే ఇక తీసినట్టే, చల్లారిపోతూ ఉంటే చూస్తూ నిలబడాలి, తినాల్సినవాళ్ళు ప్రార్థనామందిరం నుంచి రావడానికి ఇంకా గంట ఉంది. వాసన చెప్పాలి మరి. వాసన చెబుతూనే ఉందేమో, మూడు రోజులుగా నా ముక్కే జలుబుతో తలుపులేసుకుని కూర్చుంది. గాజుమూత లోపల ఆవిరి పట్టి తెల్లగా ఉంది. ఆ తెలుపు వెనక ఒక కోడి, కోడి కడుపులో బియ్యం, కోడి చుట్టూ బియ్యం, పదకొండు గుడ్లు, అన్నిటికీ మించి మా అత్తగారి అరవై ఏళ్ళకు పైబడిన పరువు. ఉడికాయో లేదో వాటికే తెలియాలి.

అత్తగారు పొయ్యి పక్కన తన కుర్చీలోనే ఉంది. గడ్డి అల్లిన పీట ఉన్న పొట్టి చెక్క కుర్చీ. కుడి మణికట్టుకి కట్టు, ఒళ్ళో పాత గోధుమరంగు ఉన్ని దుప్పటి. నయీమా అంటే మా రమత్ గన్ వీధిలో తెలియనివాళ్ళు లేరు, బాగ్దాద్ నుంచి వచ్చిన ఆడవాళ్ళలో తబీత్ ఆమెలా వండేవాళ్ళు లేరని అందరూ అంటారు, అందరూ అనే ముందే ఆమె అంటుంది. శుక్రవారం సూర్యుడు దిగక ముందు పొయ్యి మీదకెక్కి, రాత్రంతా మూత కింద ఉండి, శనివారం మధ్యాహ్నం దిగే కోడి అది. ప్రతి శనివారం పొద్దున పది నుంచి పదకొండుంపావు దాకా ఆమె ఆ కుర్చీలో కుండకి కాపలా కూర్చుంటుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, అంటే ఇరవై ఏడేళ్ళ కిందట, వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళినా ఆ చూపు నా వీపు మీద ఉండేది. మా అమ్మది పోలండ్. మా ఇంట్లో కోడి అంటే ఉప్పునీళ్ళలో క్యారెట్‌తో పాటు మౌనంగా ఉడికే వస్తువు. అలాంటి ఇంటి పిల్ల తన కుండ మూత ఎత్తుతుందేమోనని ఆమె భయం కాబోలు, అనుకునేదాన్ని.

పది రోజుల కిందట స్నానాలగదిలో జారింది. ఎముక అతుక్కుంటుంది గానీ ఈ చేత్తో ఇక బరువైన కుండలు ఎత్తేది లేదని డాక్టర్ అన్నాడు. వింటున్నంతసేపూ ఆమె డాక్టర్ గడ్డం వైపు చూస్తూ ఉంది, ఇతను నాకు చెప్పేదేమిటి అన్నట్టు. ఆడపడుచు దోరిస్ మాత్రం ఊపిరి పీల్చుకుంది. "పోన్లే అమ్మా, ఇక కొట్టు నుంచి తెప్పించుకుందాం, డబ్బాలో వేడివేడిగా ఇస్తారు, కడిగే పని కూడా ఉండదు." అత్తగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గురువారం పొద్దున నా వంక చూడకుండా, కిటికీలో తులసిలాంటి ఆ రెహాన్ మొక్కతో చెప్పినట్టు చెప్పింది: "ఈ వారం ఓర్నా చేస్తుంది. బాగుంటే ఇంట్లో తబీత్ ఉంటుంది. లేకపోతే దోరిస్ డబ్బా తెస్తుంది, ఇక అంతే."

ఇక అంతే. ఆమె ‘ఇక అంతే’ అంటే గేటుకి తాళం వేసినట్టే. నేనేమో ఆమె ఇత్తడి రంగు పెద్ద కుండ ఎత్తబోయి, నా నడుము కూడా యాభై దాటిందని గుర్తొచ్చి, నా స్లో కుక్కర్ తీశాను. ఆమె దాన్ని సోమరి కుండ అంటుంది. దానితో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది, ఇంటిల్లిపాదికీ సులువైన కోడి వంటలు, ముప్ఫై. ముప్ఫై వంటల్లోనూ ఒకటే కథ: అన్నీ వెయ్యండి, మూత పెట్టండి, పనికి వెళ్ళిపోండి. అట్టమీద ఉన్న ఆవిడ తెల్ల జాకెట్టు మీద ఒక్క మరక లేకుండా నవ్వుతూ ఉంటుంది. ఆలివ్ కాయలతో కోడి, ఖర్జూరంతో కోడి, ఎర్రపప్పుతో కోడి, వారం మధ్యలో అన్నీ చేశాను, అన్నీ సులువే, అన్నీ తిన్నారు, ఎవరికీ గుర్తులేదు. ఆ పుస్తకంలో తబీత్ లేదు. ఉంటే ఏం రాసేవారో: అన్నీ వెయ్యండి, మూత పెట్టండి, పంతొమ్మిది గంటలు గుండె చిక్కబట్టుకోండి.

నిన్న మధ్యాహ్నం అత్తగారు ఎడమ చెయ్యి ఆడిస్తూ చెబుతూ ఉంటే చేశాను. కోడి తోలు చిరగకుండా లోపల చెయ్యి పెట్టి వదులు చేయడం, కార్జం సన్నగా తరిగి బియ్యంతో, టమాటాతో, యాలకులతో, దాల్చినచెక్కతో, ఎండు గులాబీ రేకులతో కలిపి కూరడం, సూదీ దారంతో కుట్టడం. "ఇంకాస్త దగ్గరగా కుట్టు, అమ్మాయ్. దుప్పటి కాదు అది." "మీరు చూస్తుంటే చెయ్యి వణుకుతోంది అత్తయ్యా." "నా చెయ్యి విరిగింది, నేనేం అనట్లేదు, నీ చెయ్యి వణికితే ఏం పోయింది?" నూనెలో రెండు వైపులా ఎర్రగా కాల్చి, టమాటా నీళ్ళు పోసి ముప్పావుగంట మామూలు పొయ్యి మీద ఉడికించి, బియ్యం వేసి, మొత్తం ఈ కుండలోకి మార్చాను. ఆమె కుండకైతే మూత బల్లపరుపుగా ఉండేది, దాని మీద గుడ్లు పేర్చి, దుప్పటి కప్పేసేది; పొద్దున్నకి గుడ్లు చెక్కరంగుకి తిరిగి, వంకాయ వేపుడుతో ఫలహారం అయ్యేవి. నా గాజుమూత గోపురంలా ఉంది. గుడ్డు పెడితే దొర్లి నేలకి వచ్చింది, ఒకటి పోయింది. మిగిలినవి లోపలే వేశాను. ఆమె ఆ పగిలిన గుడ్డు వైపు చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆమెకి చాలా రకాలున్నాయి.

అప్పుడే ఊళ్ళో షబ్బాత్ మొదలవబోతోందని సైరన్ కూత వేశారు. హెస్కెల్ పడగ్గది నుంచి అరిచాడు, "ఓర్నా, నా తెల్ల చొక్కా ఎక్కడ?" ముప్ఫై ఏళ్ళు కాబోతున్నా చొక్కాలు ఎక్కడుంటాయో నా భర్తకి కొత్త కబురే. తలుపుకి తగిలించి ఉంది, నీ ముక్కు ముందే ఉంది అని నేను అరిచాను, చెయ్యి మీట మీద ఉంది, టక్. ముక్కు ముందే అన్నప్పుడు టక్, ఆ తరవాత ఇంకో టక్ ఉందా, లేక అది హెస్కెల్ బీరువా తలుపా? ఫాయిల్ చుట్టాను, టేపు వేశాను, పరిగెత్తి దీపాలు వెలిగించాను, కళ్ళు మూసుకున్నాను. మూసిన కళ్ళ వెనక మొదటిసారి వినిపించింది ఆ అనుమానం. ఇక చెయ్యడానికేమీ లేదు. దీపాలు వెలిగాక చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. వండేవాళ్ళ చేతులకి ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ కనిపెట్టలేదు, ఇంతకంటే పెద్ద సెలవూ లేదు.

మూత లోపల ఒక చుక్క కడుతోంది. ఇంతసేపూ దాన్నే చూస్తున్నానని ఇప్పుడు తెలిసింది. గోపురం నడినెత్తిన ఆవిరి చేరి చేరి బరువెక్కి, వంపు వెంట జారి, అంచు దాకా వచ్చి, ఆగి, లోపలికి పడింది. మళ్ళీ నడినెత్తిన ఇంకోటి మొదలు. రాత్రంతా ఇదే జరిగి ఉంటుంది. నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, హెస్కెల్ గురక పెడుతుంటే, ఈ చీకటి వంటింట్లో ఎవరూ చూడకుండా, ఎవరూ గరిటె పెట్టకుండా చుక్క ఎక్కడం, చుక్క దిగడం. మా మేడలో ఎనిమిది కాపురాలు, వీధిలో ఇరవై మేడలు. ఈ నిమిషాన ఎన్ని మూతల కింద ఎన్ని చుక్కలు! దీనికి ముందు, ఈ దేశానికి వలస వచ్చిన కొత్తలో గుడారాల్లో, దానికి ముందు బాగ్దాద్ వంటిళ్ళలో, ఎన్ని వందల ఏళ్ళ శుక్రవారాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు చెయ్యగలిగింది చేసి, మూత పెట్టి, చేతులు తుడుచుకుని, మిగతాది కనపడనిదానికి వదిలేసి పడుకున్నారో. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను. మాంసం ఎందుకు మెత్తబడుతుందో నాకు తెలుసు, ఎంత వేడిలో ఏది కరిగి ఏమవుతుందో రాసి మార్కులు తెచ్చుకున్నాను. తెలిసినంత మాత్రాన ఈ చుక్క చిన్నదవలేదు.

ఇలాంటి గాజు ముందు ఇంతకుముందు ఒకసారి నిలబడ్డాను. మా అమ్మాయి తెహిలా ఏడో నెలలో పుట్టింది, కిలో రెండు వందలు, నా అరచేతికీ మోచేతికీ మధ్య సరిపోయేది. ఇంక్యుబేటర్ గాజు లోపల వెచ్చని గాలి, గాజు మీద సన్నటి ఆవిరి, పక్కకి రెండు గుండ్రటి కిటికీలు. ఊరికే తెరవకమ్మా, వెచ్చదనం పోతుంది అనేది నర్సు. తల్లినయ్యాను, ముట్టుకోవడానికి లేదు. ముప్ఫై ఒక్క రోజులు. మా అమ్మ వచ్చి ఏడ్చి వెళ్ళేది. అత్తగారు రెండు బస్సులు మారి రోజూ వచ్చేది, సంచిలోంచి చెక్కరంగు గుడ్డు తీసి నా చేతిలో పెట్టేది, ఒక కుర్చీ లాక్కుని ఆ గాజుపెట్టె పక్కన కూర్చునేది. ఒక్క ఓదార్పు మాట లేదు. చేతులు ఒళ్ళో, కళ్ళు గాజు మీద. నా వంశం రక్తం పలచనని లోపల అనుకుంటోంది, బిడ్డ నా వల్ల ఇలా పుట్టిందని చూస్తోంది, అనుకున్నాను. ఆ గుడ్లు కోపంతో తిన్నాను. అన్నీ తిన్నాను.

పదీ ముప్పావు. చుక్క జారింది. ఇక ఊరుకోలేకపోయాను.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఉడికిందా అంటారా? వాసన ఎలా వస్తోంది?"

ఆమె దుప్పటి కొసని వేళ్ళ మధ్య నలిపింది. "నాకేం తెలుసు. నా ముక్కు పనిచెయ్యక పదేళ్ళయింది."

నేను ఆమె వైపు తిరిగాను. పదేళ్ళుగా నా ప్రతి కూర మీదకీ వంగి వాసన చూసి, పెదవి విరిచిన ముక్కు అది. "మరి ఇన్నాళ్ళూ వాసన చూసేవారు కదా?"

"చూసేదాన్ని. వచ్చేదని చెప్పానా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పనిచెయ్యని రెండు ముక్కులు, ఒక కుండ. నవ్వితే టేపు ఊడుతుందన్నంత భయం వేసి చెప్పేశాను. "అత్తయ్యా, నిన్న మీట ఒక టక్కు తిప్పానో రెండు తిప్పానో నాకు గుర్తులేదు. ఒకటే అయితే అది ఉడకలేదు. సగం పచ్చిగానే ఉంది. పదకొండు మందికి నేను సగం ఉడికిన కోడి పెట్టబోతున్నాను."

ఆమె అరవలేదు. దోరిస్ డబ్బా మాట ఎత్తలేదు. కట్టు ఉన్న చెయ్యిని ఇంకో చేత్తో ఎత్తి ఒళ్ళో సర్దుకుని, మొట్టమొదటిసారి నా వంక సూటిగా చూసింది.

"ఎప్పటినుంచి తెలియట్లేదు?"

"నిన్న దీపాలు వెలిగించినప్పటినుంచి."

"నాకు పంతొమ్మిదో ఏటినుంచి తెలియట్లేదు," అంది.

అప్పుడు చెప్పింది, కుండతో చెబుతున్నట్టు. బాగ్దాద్ వదిలి ఈ దేశానికి కొత్తగా వచ్చి గుడారాల్లో ఉన్న రోజులు. పెళ్ళయి మూడు వారాలు. మా మామగారు ఎక్కడో కూలికి వెళ్ళి, కూలికి బదులు ఒక ముసలి కోడిని తెచ్చాడు. కిరసనాయిలు పొయ్యి మీద చిన్న వత్తి, కుండ మీద బాగ్దాద్ నుంచి తెచ్చిన ఈ దుప్పటి. "తెల్లవారుజామున వాన. గుడారం ఒక మూల కారింది. చప్పుడు వింటూనే ఉన్నా. వత్తి ఆరిందో లేదో దుప్పటి కింద ఎలా తెలుస్తుంది? తెలిసినా మళ్ళీ ముట్టించకూడదు కదా. పొద్దెక్కేదాకా కూర్చున్నా. మూత తీస్తే నీళ్ళల్లో బియ్యం బియ్యంలాగే ఉంది. కోడి నా మొహం చూసింది."

"అప్పుడు?"

"అప్పుడేముంది. మీ మామగారు రొట్టె తిన్నాడు, నేను ఏడ్చా. అత్త లేదు కదా నాకు, తిట్టడానికి. నన్ను నేనే తిట్టుకున్నా. ఆ తరవాత పొయ్యి మారింది, ఇల్లు మారింది, గ్యాస్ వచ్చింది. అయినా ప్రతి శనివారం ఈ గంట వచ్చేసరికి, వాన పడుతున్నట్టే ఉంటుంది నాకు. అందుకే ఇక్కడ కూర్చుంటా."

"నేను కాపలా అనుకున్నాను. నేను మూత తీస్తానేమోనని."

"నువ్వా? నీకంత ధైర్యం ఎక్కడిది," అంది అత్తగారు. "భయమేసి కూర్చునేదాన్ని, పిచ్చిదానా."

గాజుపెట్టె పక్కన ముప్ఫై ఒక్క రోజులు ఒళ్ళో చేతులు పెట్టుకున్న మనిషి కళ్ళ ముందుకొచ్చింది. నా తలలో ఇన్నేళ్ళుగా తీర్పు చెబుతూ కూర్చున్న ఆ మనిషి కూర్చున్నట్టే ఉంది, తీర్పు మాత్రం లేదు. వాన చప్పుడు వింటోంది. నాకు చెబితే నేను బెదురుతానని నాకు గుడ్డు ఇచ్చి, తను వింటోంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి ఒక దుప్పటి పట్టుకుని ఎనభై రెండేళ్ళ దాకా ఎలా నడిచి వచ్చిందో, ప్రతి వారం మళ్ళీ ఎలా మూత పెట్టిందో, పెట్టి ఎలా వదిలిందో. కింద కూర్చున్నాను, నేల మీదే, ఆమె కుర్చీ కోడుకి ఆనుకుని. దుప్పటి కొస నా భుజం మీదకి జారింది. జరిపిందో, అదే జారిందో. ఇద్దరం గాజు వైపు చూశాం. చుక్క కట్టింది, వంపు వెంట వచ్చింది, అంచు దగ్గర ఆగింది. పడింది. మేమిద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

పదకొండుంపావుకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. అందరికంటే ముందు తెహిలా గొంతు, ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ, ఈత నేర్పే ఉద్యోగం, గొంతు కూడా కొలనుకి ఆ ఒడ్డు దాకా వినపడేది: "నానమ్మా! కింద గేటు దాకా వాసన!" వెనకాల దోరిస్ మూతపెట్టిన పళ్ళెంతో వచ్చింది. "నాలుగు వేపుడు ముక్కలు ఎక్కువయ్యాయి ఒదినా, పడుంటాయని తెచ్చా. వాసనైతే వస్తోందిలే, వాసనదేముంది, ఉడుకుతున్నా వస్తుంది, ఉడక్కపోయినా వస్తుంది." ఆమె పళ్ళెంలో ముక్కలు పదకొండు, నేను లెక్కపెట్టాను. హెస్కెల్ ద్రాక్షరసం మీద ప్రార్థన చదివాడు, ఎప్పటికంటే నెమ్మదిగా చదివినట్టు నాకనిపించింది. చేతులు కడుక్కున్నారు, రొట్టె విరిచారు. తెహిలా చెంచా పట్టుకుని కూర్చుంది. అందరూ కుండ వైపు చూశారు.

అత్తగారు లేచి నా పక్కకి వచ్చింది. "నువ్వు తియ్యి."

"మీరూ పట్టుకోండి."

మూత పిడి మీద నా కుడిచెయ్యి, దాని మీద ఆమె ఎడమచెయ్యి. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఎత్తాం.

ఆవిరి మా ఇద్దరి మొహాలకీ కొట్టింది. మా ముక్కులకి ఏమీ తెలియలేదు. కళ్ళకి కూడా వెంటనే ఏమీ తెలియలేదు, తెల్లటి పొగ అంతే. బల్ల దగ్గర చప్పుడు ఆగిపోవడం మాత్రం విన్నాను. మా ఇంట్లో దోరిస్ ఉండగా చప్పుడు ఆగడం అనేది నేను వినని సంగతి. పొగ విడిపోయింది. బియ్యం బియ్యంలా లేదు, ఇటుకరంగులో ఒళ్ళు విరుచుకుని, ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతోంది. గుడ్లు చెక్కరంగులో. గరిటె పెట్టి తొడ కదిపాను, ఎముక ఒక్కటే చేతికి వచ్చింది, నున్నగా, తెల్లగా, మాంసం దాన్ని పోనిచ్చి అక్కడే ఉండిపోయింది. రెండు టక్కులు. రెండో టక్కు బీరువాది కాదు.

"అమ్మా, మొదట నాకు," అంది తెహిలా.

అత్తగారు చెంచా కొసతో ఒక మెతుకు నోట్లో వేసుకుంది. వాసన తెలియకపోతే రుచి ఎంత తెలుస్తుందో నాకు ఇవాళ బాగా తెలుసు. అయినా నమిలింది, తీరిగ్గా, అందరూ చూస్తుండగా.

"ఉప్పు తక్కువ," అంది.

అందరూ నవ్వారు. దోరిస్ తన పళ్ళెం మీద మూత మళ్ళీ సర్దింది. అత్తగారు ఎడమచేత్తోనే గరిటె పట్టుకుని, సోమరి కుండ అంచున ఎక్కడో అంటుకున్న రవ్వంత మాడుని గీకి తీసింది, రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది, తబీత్‌లో అందరూ పోటీపడే ముక్క అదే, మామూలుగా అది హెస్కెల్‌కి. నా పళ్ళెంలో వేసింది.

"నువ్వు కూర్చో," అంది.

బల్ల దగ్గర ఖాళీ లేదు. అందరూ కూర్చున్నాక మిగిలింది పొయ్యి పక్కన ఆ పొట్టి కుర్చీ ఒక్కటే. ఆమె నా కుర్చీలో, హెస్కెల్ పక్కన, ఎప్పటినుంచో అదే తన చోటన్నట్టు సర్దుకుని కూర్చుంది. నేను పళ్ళెం పట్టుకుని ఆ గడ్డి పీట మీద కూర్చున్నాను. నడుమ లోతుగా గుంటపడి ఉంది, ఇన్ని శనివారాల భయానికి పడిన గుంట, నాకు కాస్త ఇరుకు.

"దుప్పటి కూడా అక్కడే ఉంది, కాళ్ళకి కప్పుకో," అంది అత్తగారు, అన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండా. "వచ్చే వారం చలి ఎక్కువట."